ఎనిమిది గ్రాముల పిట్టకి ఏ బైనాక్యులర్? నా 8×42 రివ్యూ

ముందే చెప్పేస్తున్నా: 8×42 బైనాక్యులర్ (అంటే ఎనిమిదింతలు పెద్దగా చూపించేది, ముందు గాజు వెడల్పు 42 మిల్లీమీటర్లు) బాగుంది, కొనుక్కోవచ్చు. నా మార్కులు ఐదుకి నాలుగు. ఆ పోయిన మార్కు ఎందుకు పోయిందో కింద రాస్తాను. కంపెనీ పేరు మాత్రం రాయను. పది వేల నుంచి పన్నెండు వేల లోపు దొరికే 8×42లు నాలుగైదు చేత్తో పట్టుకుని చూశాను. బరువు, చూపు, గాజు అన్నీ ఇంచుమించు ఒకటే, రబ్బరు తొడుగు రంగూ దాని మీద అచ్చూ మాత్రం వేరు. కాబట్టి దీన్ని ఒక కంపెనీ మీద కాకుండా ఆ ధరలో ఆ సైజు మీద రివ్యూ అనుకోండి.

నాది నర్సీపట్నంలో జిరాక్స్, నెట్ సెంటర్. షాపు వెనక చింతచెట్టూ, పక్కింటివాళ్ళ మామిడిచెట్టూ కొమ్మల్లో కొమ్మలు కలిసిపోయి ఉంటాయి. కరెంటు పోయిందంటే నా మకాం అక్కడే. మెడలో ఇది వేలాడేసుకుని తలెత్తి నిలబడితే మొదట్లో దారిన పోయేవాళ్ళు ఆగిపోయేవారు. "ఏటండీ చూస్తన్నారు, పావా?" అని అడిగేవారు. పాము కాదు, పిట్ట అంటే నిరాశగా వెళ్ళిపోయేవారు. ఇప్పుడు అలవాటైపోయింది.

యూట్యూబులో బైనాక్యులర్ రివ్యూలకి కొదవ లేదు. దూరంగా ఉన్న సెల్ టవర్ చూపిస్తారు, చందమామని చూపిస్తారు, నాలుగో అంతస్తు మీది బోర్డు చదివి వినిపిస్తారు. అవేవీ కదలవు కదా! నేను పెట్టిన పరీక్ష వేరు. మా చింతచెట్టు మీదకి ఏటా చలికాలం వచ్చే గ్రీనిష్ వార్బ్లర్ ఇందులో కనిపించాలి. కనిపించడమంటే, చెట్టు మీద ఏదో మెదిలింది అనిపించడం కాదు, దాని రెక్క మీది గీత కనిపించాలి.

ఈ పిట్టని ఎరగని వాళ్ళకి నాలుగు ముక్కలు. బరువు అటూ ఇటూగా ఎనిమిది గ్రాములు, పొడవు పది సెంటీమీటర్లు. వీపు బూడిద కలిసిన పచ్చ, పొట్ట మాసిన తెలుపు. కంటి పైన లేత పసుపు చార, ముక్కు దగ్గర్నుంచి తల వెనక దాకా పొడుగ్గా ఉంటుంది. ముక్కు పై సగం ముదురు, కింద సగం లేత నారింజ. మూసిన రెక్క మీద అడ్డంగా ఒక సన్నటి తెల్ల గీత. ఈకలు అరిగిపోతే ఆ గీత కూడా సరిగ్గా కనపడదు. ఫిల్లోస్కోపస్ అనే ఈ ప్రజాతిలో ఇంచుమించు ఎనభై జాతులున్నాయి, చాలావాటికి ఇదే పచ్చ, ఇదే చార. రెక్క మీద గీత లేదా, ఒకటా, రెండా అన్నదే వీటిలో చాలావాటి మధ్య తేడా పట్టిస్తుంది. అందుకే ఆ గీత మీద నాకంత పట్టుదల.

ఇక దాని నడవడి. రెండు సెకన్లు ఒకచోట ఉంటే గొప్ప. రెమ్మ మీద గెంతుకుంటూ పోతుంది, తల పక్కకి వంచి ఆకు అడుగు చూస్తుంది, రెక్కలు టప్పున ఒకసారి విదిలిస్తుంది, పక్క రెమ్మకి దూకుతుంది. ఆకు చివర పురుగు ఉండి కాలు ఆనే చోటు లేకపోతే గాల్లోనే ఓ క్షణం రెక్కలాడిస్తూ నిలబడి లాగేసుకుంటుంది. ఆకుపచ్చ గొంగళి పురుగు కాస్త పెద్దది దొరికితే మాత్రం ఆగుతుంది. దాన్ని కొమ్మకేసి అటోసారి ఇటోసారి కొట్టి, మింగి, ముక్కుని రెండు వైపులా కొమ్మకి రాసి తుడుచుకుంటుంది. మనకి దొరికే టైము అంతే. ఆ కాస్త సేపట్లో బైనాక్యులర్ కళ్ళ దగ్గరికి వెళ్ళాలి, పిట్ట అందులో పడాలి, ఫోకస్ కుదరాలి.

ఇక్కడే "ఎన్ని ఇంతలు" అన్న గొడవ వస్తుంది. మా బావమరిది దగ్గర 20×50 ఉంది, ఎగ్జిబిషన్‌లో కొన్నాడు. "బావా, నీది ఎనిమిదింతలే, నాది ఇరవై" అని వచ్చినప్పుడల్లా ఎత్తిపొడుపు. సరే కానిమ్మని ఓ ఆదివారం ఇద్దరం చింతచెట్టు కింద నిలబడ్డాం. పిట్ట పైకొమ్మల్లో, పదిహేను మీటర్ల దూరంలో ఉంది. నా దాని చూపు వెడల్పు 8 డిగ్రీలు, అంటే ఆ దూరంలో రెండు మీటర్ల పైచిలుకు జాగా ఒకేసారి కనిపిస్తుంది. అతని దాని మీద 3.2 డిగ్రీలని రాసి ఉంది, అంటే అదే దూరంలో 84 సెంటీమీటర్లు. రెండు సెకన్లకోసారి గెంతే పిట్టని ఆ కాస్త జాగాలో పట్టడం ఎలా? దానికి తోడు చేతి వణుకు కూడా ఇరవై ఇంతలవుతుంది. కాసేపటికి దించేసి, "ఆకులు బ్రహ్మాండంగా కనిపిస్తున్నాయి బావా, పిట్టే లేదు" అన్నాడు. నాది చేతికిచ్చాను. రెండో ప్రయత్నంలోనే దొరికింది. ఎత్తిపొడుపులు ఆగలేదనుకోండి, అది వేరే సంగతి.

కొత్తగా కొన్నవాళ్ళు ఒక అలవాటు చేసుకోవాలి. పిట్ట కనిపించగానే తల దించి బైనాక్యులర్ వెతుక్కోకూడదు. చూపు పిట్ట మీదే ఉంచి, బైనాక్యులర్‌ని కళ్ళకి అడ్డంగా తెచ్చుకోవాలి. ఇది వచ్చేదాకా ఎంత ఖరీదైనది కొన్నా ఆకులే కనిపిస్తాయి.

ఫోకస్ చక్రం ఈ పీసుకి పెద్ద ప్లస్. దగ్గరి కొమ్మ నుంచి చెట్టు కొస దాకా రావడానికి అర చుట్టు కూడా పట్టదు, చూపుడు వేలితోనే అయిపోతుంది. గట్టిగా లేదు, వదులుగానూ లేదు. రెండు మీటర్ల దాకా దగ్గర ఫోకస్ ఉంది. షాపు కిటికీ అవతలి మునగచెట్టు మీదకి పిట్ట దిగినప్పుడు దీని విలువ తెలిసింది. ముక్కు కింది సగం నారింజ రంగు, కాళ్ళ మీది గోధుమ ఛాయ, ముక్కు మొదట్లో మీసాల్లాంటి సన్నటి వెంట్రుకలు కూడా కనిపించాయి. రంగులు ఉన్నవి ఉన్నట్టే చూపిస్తుంది. చవక వాటిలో అంతా కాస్త పసుపు కొట్టినట్టుంటుంది, అప్పుడు ఈ పిట్ట వీపు పచ్చో బూడిదో తేల్చుకోలేం.

వెలుతురు తక్కువైన చోట ఎలా ఉంటుందో చూద్దామని లంబసింగి పట్టుకెళ్ళాను. మంచు కోసం వచ్చే జనం తెల్లారకముందే వ్యూ పాయింట్ల దగ్గర సెల్ఫీలు దిగుతుంటే, నేను పక్కన కాఫీ తోటలోకి నడిచాను. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. ఏడు గంటలకి కూడా అక్కడ మసకే. 42ని 8తో భాగిస్తే 5.25 వస్తుంది. బైనాక్యులర్ నుంచి కంట్లోకి వచ్చే వెలుగు చుక్క వెడల్పు అన్ని మిల్లీమీటర్లన్నమాట. మసకలో మన కంటిపాప దాదాపు అంతే తెరుచుకుంటుంది కాబట్టి వెలుగు వృథా పోదు. 20×50కి ఇదే లెక్క వేస్తే రెండున్నరే. అందుకే నా దాంట్లో తీగ మీద పిట్ట కదలిక తెలిసింది. పొగమంచు మరీ దట్టంగా ఉన్నప్పుడు ఏదీ పనిచెయ్యదు, ఆ మాటా చెప్పాలి.

ఆ కొండల్లో నిలబడి ఈ పిట్టని చూడటంలో నాకు ఇంకో సరదా ఉంది. ట్రెవర్ ప్రైస్ అనే పరిశోధకుడు మన తూర్పు కనుమల్లో ఏ కాలంలో ఏ పక్షులుంటాయో పరిశీలించి 1979లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో పెద్ద వ్యాసం ప్రచురించాడు. తర్వాత 1981లో ఐబిస్ అనే పక్షిశాస్త్ర పత్రికలో గ్రీనిష్ వార్బ్లర్ చలికాలపు బతుకు మీదే విడిగా అతనిదే ఇంకో వ్యాసం వచ్చింది. మంచు చూడ్డానికి వచ్చే వేలమందిలో ఎవరికీ కనపడని ఈ పిట్ట మీద అంత పని జరిగిందని తెలిశాక, దీన్ని ఊరికే "ఏదో పచ్చ పిట్ట" అనడం నా వల్ల కావడం లేదు.

బైనాక్యులర్ రివ్యూలో పిట్ట గోల ఎక్కువైందనుకునేవాళ్ళు ఈ నాలుగైదు పేరాలు వదిలేసి లోపాల దగ్గరికి వెళ్ళిపోవచ్చు. కానీ దీని అలవాట్లు తెలిస్తే కొనే వస్తువు కూడా మారిపోతుంది. ఎలాగంటే, ఈ పిట్ట చలికాలమంతా ఊళ్ళు తిరగదు. వచ్చిన దగ్గర్నుంచి వెళ్ళేదాకా ఒక్కొక్క పిట్ట తనకంటూ కొంత జాగా పెట్టుకుని కాపలా కాస్తుంది. గూడు లేదు, జంట లేదు, పిల్లల్లేవు, కాపలా మాత్రం పురుగుల కోసం. మగదైనా ఆడదైనా ఇదే తీరు. పొద్దున్నుంచీ "చిస్వీట్, చిస్వీట్" అని అరుస్తూనే ఉంటుంది. ఇంత చిన్న ఒంటికి ఆ అరుపు కాస్త ఎక్కువే. అది "ఇది నాది" అని చెప్పడం.

మా వెనక చింతచెట్టు ఒకదానిది, మామిడి ఇంకోదానిది. రెండు చెట్ల కొమ్మలు కలిసే చోట ఓ పొద్దున రెండూ ఎదురుపడ్డాయి. చింత పిట్ట ఒళ్ళు సన్నగా చేసుకుని, మెడ చాచి, వరసగా ఆపకుండా అరిచింది. మామిడి పిట్ట రెండు ఆకులు వెనక్కి తగ్గి అక్కడి నుంచి బదులిచ్చింది. ఉన్నట్టుండి మొదటిది దూకింది, రెండూ ఆకుల్లోంచి సర్రున పోయి మామిడి లోపలికి మాయమయ్యాయి. కాసేపటికి చింతచెట్టు పిట్ట వెనక్కి వచ్చి, ఏమీ జరగనట్టు పురుగుల వేటలో పడింది. ఈ మొత్తం కథ మామూలు కంటికి ఆకులు కదలడమే. 8×42లో రెండు చెట్ల అంచులూ ఒకేసారి కనిపించబట్టి తగువు మొత్తం చూడగలిగాను.

కాబట్టి దీని కోసం అడవులు పట్టుకు తిరగక్కర్లేదు, మీ ఇంటి దగ్గర పెద్ద చెట్టు ఒకటుంటే చాలు. అరుపు ఎటు నుంచి వస్తుందో పట్టుకుని, ఆ చెట్టు కిందే రోజూ ఓ పావుగంట నిలబడటం మేలు. అరుపు గుర్తుపట్టడం రాకపోతే ఫోన్‌లో మెర్లిన్ యాప్ వేసుకోండి. కార్నెల్ యూనివర్సిటీ పక్షుల ల్యాబ్ వాళ్ళది, ఉచితం. విన్న అరుపు ఎవరిదో చెబుతుంది. నేను పేరు నేర్చుకున్నది దాంతోనే.

ఇది ఎక్కడి నుంచి వస్తుందంటే, చాలా దూరం. బాల్టిక్ సముద్రం వైపు అడవుల నుంచి పశ్చిమ సైబీరియా దాకా వేసవిలో గూళ్ళు కడుతుంది. హిమాలయాల్లోనూ దీని బంధువులు గూళ్ళు పెడతాయి. గూడు నేల మీదే, గడ్డీ నాచూ కలిపి పైన కప్పు ఉన్న గుండ్రటి గూడు. సెప్టెంబరులో మన వైపు దిగడం మొదలుపెడతాయి, ఏప్రిల్ చివరికి, కొన్ని మే మొదట్లో వెళ్ళిపోతాయి. లెక్క చూస్తే మన దగ్గర ఉండేదే ఎక్కువ కాలం, అక్కడ గూడు కట్టుకునేది రెండు మూడు నెలలు. అందుకే దీన్ని "విదేశీ అతిథి" అంటూ పేపర్లో రాస్తే నాకు నచ్చదు. ఏడాదిలో సగానికి పైగా నర్సీపట్నంలో ఉండేది అతిథి ఎలా అవుతుంది? ప్రయాణం ఎక్కువగా రాత్రిళ్ళు, పగలు దిగి తినడం, విశ్రాంతి. దూరం నాలుగు వేల నుంచి ఆరున్నర వేల కిలోమీటర్ల దాకా ఉండొచ్చు. మా చెట్టు మీది పిట్ట ఏ అడవిదో చెప్పడం ఏ బైనాక్యులర్ వల్లా కాదు, అందుకు కాలికి ఉంగరం వేసి చూడాలి.

సైన్సువాళ్ళకి ఈ పిట్ట అంటే మహా ఇష్టం, దానికి కారణం టిబెట్ పీఠభూమి. అక్కడ చెట్లు లేవు కాబట్టి వీటికి చోటు లేదు. దాని చుట్టూ, దక్షిణాన హిమాలయాల నుంచి ఒక వరస పడమర పక్కగా, ఇంకో వరస తూర్పు పక్కగా ఉత్తరానికి పాకాయి. ఒక్కో అడవికీ పాట కొద్దికొద్దిగా మారుతూ పోయింది. పక్క పక్క అడవుల పిట్టలు ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. కానీ రెండు వరసల కొసలూ మధ్య సైబీరియాలో యెనిసే నది ప్రాంతంలో కలిసేసరికి, ఒకదాని పాట ఇంకోదానికి అర్థం కాదు, దాదాపుగా జత కట్టవు. డారెన్ ఇర్విన్ బృందం ఈ పాటలన్నీ రికార్డు చేసి 2001లో నేచర్ పత్రికలో చూపించింది. ఆ రెండు కొసల పిట్టలకీ పైకి కనిపించే తేడా ఏమిటో తెలుసా? పడమటి దానికి రెక్క మీద ఒక గీత, తూర్పు దానికి రెండు. తూర్పువి చలికాలం ఆగ్నేయాసియాకి పోతాయి, మనకొచ్చేది ఒక గీత పిట్ట. ఆ గీతని నేను నా షాపు వెనక నిలబడి చూస్తున్నాను కదా అనిపించినప్పుడు, పెట్టిన డబ్బు గురించి బెంగ లేదు.

ఇక లోపాలు.

మొదటిది, అసలైనది: ఊదారంగు అంచు. తెల్లటి ఆకాశం వెనక ఉంటే పిట్ట చుట్టూ సన్నటి ఊదా, పచ్చ గీతలు వస్తాయి. చెట్టు కొసన కూర్చున్న పిట్టకి ఇదే పెద్ద చిక్కు, రెక్క గీత ఆ రంగులో కలిసిపోతుంది. ఈ ధరలో దీనికి మందు లేదు, ఈ రంగు అంచుల్ని తగ్గించే ఈడీ గాజు ఉన్నవి కొనాలంటే ఇంకా చాలా పెట్టాలి. నేను చేసేదేమిటంటే, రెండు అడుగులు పక్కకి జరిగి పిట్ట వెనకకి ఆకులొచ్చేలా చూసుకుంటాను. చాలాసార్లు సరిపోతుంది. నేను కోసిన ఒక్క మార్కు దీనికే.

రెండోది, కుడి కంటి డయాప్టర్ రింగు, అంటే రెండు కళ్ళ చూపులో తేడా సర్దుకునే రింగు. దానికి తాళం లేదు, సంచీలోంచి తీసినప్పుడల్లా కాస్త తిరిగిపోయి ఉంటుంది. కుడికన్ను మూసి నడిమి చక్రంతో ఎడమకంటికి ఫోకస్ పెట్టడం, తర్వాత ఎడమకన్ను మూసి రింగుతో కుడికంటికి సర్దుకోవడం. ఒకసారి సరిపోయాక రింగు మీద, బైనాక్యులర్ ఒంటి మీద కలిపి పెయింట్ చుక్క పెట్టాను. ఇప్పుడు తిరిగిపోయినా చూడగానే తెలుస్తుంది.

బరువు 670 గ్రాములు. ఎనిమిది గ్రాముల పిట్టని చూడ్డానికి దాని బరువుకి ఎనభై రెట్లు మెడకి కట్టుకోవడమన్నమాట. దాంతో వచ్చిన పట్టీ సన్నగా ఉండి మెడ కోస్తుంది. నేను పాత లాప్‌టాప్ బ్యాగు వెడల్పాటి పట్టీ తగిలించుకున్నాను. కళ్ళజోడు వాళ్ళు ఐకప్పులు (కళ్ళకి ఆనే రబ్బరు గిన్నెలు) పూర్తిగా లోపలికి తిప్పి చూడాలి. అప్పటికీ అంచుల్లో ఓ పిసరు నల్లగా ఉంటుంది కానీ అలవాటైపోతుంది. ముందు గాజుల మూతలు నడుస్తుంటే ఊడి పడతాయి, నావి ఎప్పుడో పోయాయి.

అమ్మినవాళ్ళ సర్వీసు గురించి పెద్దగా చెప్పుకునేది లేదు. పెట్టెలో ఉండాల్సిన రెయిన్ గార్డు (కంటి వైపు గాజుల మీద పెట్టే మూత) రాలేదు. అడిగితే చాలా రోజులకి కెమెరా లెన్సు మూత ఒకటి పంపారు. దాన్ని పెన్నుల డబ్బాకి మూతగా వాడుతున్నాను.

మన వాతావరణంలో ఇంకో భయం ఫంగస్. ఇది లోపల నైట్రోజన్ నింపిన వాటర్‌ప్రూఫ్ పీసు కాబట్టి లోపలి గాజులకి టెన్షన్ తక్కువ, కానీ బయటి గాజు మీద తేమ నిలిస్తే దానికీ మరక పడుతుంది. వానాకాలంలో గుడ్డ సంచీలో పెట్టి బీరువాలో దాచొద్దు. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో నాలుగు సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. దుమ్ము పడితే ముందు ఊదే బల్బుతో ఊది, ఆ తర్వాతే గుడ్డ తగిలించండి. చొక్కా అంచుతో తుడిచేవాళ్ళని చూస్తే నా ప్రాణం విలవిల్లాడుతుంది.

ఎవరు కొనాలి? చెట్ల మీది చిన్న పిట్టలు చూడాలనుకునేవాళ్ళు కళ్ళు మూసుకుని 8×42 కొనండి. చెరువు గట్టున నిలబడి దూరపు బాతులు, కొంగలు చూసేవాళ్ళకి 10×42 మేలు, అవి కాసేపు ఆగుతాయి కాబట్టి ఇరుకు చూపుతో ఇబ్బంది లేదు. పిల్లల కోసమైతే బరువు తక్కువగా ఉండే 8×32 అడగండి. ఎవరేం చెప్పినా పన్నెండు ఇంతలు దాటినవి చేత్తో పట్టుకుని చూసే పనికి కొనకండి. జూమ్ ఉన్నవి, "100×" అని పెట్టె మీద రాసి ఉన్నవి అసలు ముట్టుకోకండి.

ఏప్రిల్లో ఎండలు ముదిరాక, వెళ్ళే ముందు కొన్ని పాట కూడా అందుకుంటాయి. "చిస్వీట్" లాంటి పొడి అరుపు కాదు, గబగబా దొర్లుకుంటూ పోయే పాట. గూడు చోట పాడాల్సిన పాటని ఇక్కడే సాధన చేస్తున్నట్టుంటుంది. ఆ నెలలో బైనాక్యులర్ కొంటే పిట్ట కూర్చుని పాడుతుంటే చూసే వీలుంటుంది, కొత్తవాళ్ళకి అదే మంచి అదను.

కొనేటప్పుడు ఒక పరీక్ష తప్పకుండా చెయ్యండి. షాపు బయటికి తెచ్చి దూరంగా ఉన్న కరెంటు తీగ మీద ఫోకస్ పెట్టండి. ఒక్క తీగే రెండుగా కనిపిస్తున్నా, రెండు నిమిషాలు చూసేసరికి కళ్ళు లాగుతున్నా ఆ పీసులో రెండు గొట్టాలూ సరిగ్గా కలవలేదని అర్థం. అది ఇంటి దగ్గర బాగయ్యేది కాదు, ఇంకో పీసు అడగండి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే రిటర్న్ గడువు దాటకముందే ఈ పని అయిపోవాలి, పెట్టె, అందులోని అట్టలు అప్పటిదాకా పారెయ్యకండి.